అడక్కుండా ఎక్కేయాలి: అమ్మతో, అక్కతో పట్టాయాలో నాలుగు రోజులు

ఇంటికొచ్చి మూడో రోజు. చెప్పులు దులిపితే ఇంకా ఇసక రాలుతోంది, మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా.

పట్టాయా, అంటే థాయ్‌లాండ్‌లో రాత్రి వీధులకి పేరుపడ్డ ఊరు, అక్కడికి అనగానే ఒక్కొక్కళ్ళు మొహం ఎలా పెట్టారో చెప్పలేను. పిన్ని ఫోన్లో "ముగ్గురు ఆడవాళ్ళు... అక్కడికా?" అని ఆ 'అక్కడికా'ని అనకాపల్లి దాకా సాగదీసింది. మా ఆయనైతే "నేను ఫ్రెండ్స్‌తో వెళ్తానంటే ఇల్లు పీకి పందిరేశావు, ఇప్పుడు మీ అమ్మని తీసుకుని నువ్వెళ్తావా" అని రెండు రోజులు అలిగాడు. అమ్మకి అరవై మూడు, మోకాళ్ళ నొప్పులు, పూర్ణా మార్కెట్లో బేరం ఆడిందంటే కొట్టువాడు దణ్ణం పెట్టాల్సిందే. అక్క స్కూల్ టీచరు. సంక్రాంతి అయ్యాక అరిసెల డబ్బా, చేగోడీల డబ్బా సర్దుకుని వైజాగ్ నుంచి బయల్దేరాం. విమానం, బ్యాంకాక్, బస్సు, అవన్నీ వదిలేస్తున్నా, అందరికీ తెలిసినవే.

జనవరి 18, శనివారం: బస్టాండు దగ్గరే మొదటి దెబ్బ

నార్త్ పట్టాయా బస్టాండులో దిగేసరికి ముదురు నీలం రంగు పికప్ బళ్ళు వరసగా ఆగున్నాయి, వెనకాల రెండు బెంచీలు, పైన రేకు కప్పు. ఒక డ్రైవరు వచ్చి హోటల్ పేరు చూసి మూడు వేళ్ళు చూపించాడు, మూడొందల బాత్. ఇంక అమ్మ రంగంలోకి దిగింది. తెలుగులోనే బేరం, ఆయన థాయ్‌లో, మధ్యలో క్యాలిక్యులేటరు. పది నిమిషాల్లో 250కి దింపేసి "చూశారా, ఎక్కడైనా మనుషులే" అని మా వైపు గర్వంగా చూసింది. బాత్ అప్పుడు రెండున్నర రూపాయలు, అంటే 625. బండి కదిలి నిండా పది నిమిషాలు కాలేదు హోటల్ వచ్చేసింది.

హోటల్ సోయ్ బువాఖావ్ దగ్గర, సోయ్ అంటే సందు. రిసెప్షన్లో అమ్మాయి మేం ఎంతిచ్చామో విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. ఆగున్న ఖాళీ బండి దగ్గరికి వెళ్ళి ఎంత అని అడిగితే నువ్వు మొత్తం బండి మాట్లాడుకున్నట్టే లెక్క. రోడ్డు మీద పోతున్న బండికి చెయ్యెత్తు, జనం ఉన్నది చూసుకుని మాట్లాడకుండా ఎక్కు, దిగాల్సిన చోటు రాగానే పైన ఉన్న బజర్ నొక్కు, దిగి డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళి మనిషికి పది బాత్ చేతిలో పెట్టి వెళ్ళిపో. అడగొద్దు. అడిగావంటే కొత్త అని తెలిసిపోతుంది.

అమ్మకి ఇది అస్సలు ఎక్కలేదు. "రేటు అడక్కుండా బండి ఎక్కడమేంటే, దిగాక వెయ్యి అంటే ఏం చేస్తావు?" మనకి చిన్నప్పట్నుంచి నేర్పిందే అది కదా, ఆటో ఎక్కేముందు మాట్లాడుకో, లేకపోతే దిగాక గొడవ. ఇక్కడ సరిగ్గా తలకిందులు. మన సర్వీసు ఆటో ఎక్కినప్పుడు మాత్రం మనం ఎప్పుడైనా అడుగుతామా, జగదాంబ అని ఎక్కి కూర్చుంటాం, దిగి చిల్లర ఇస్తాం, ఇదీ అంతేనమ్మా అని అక్క చెప్పాక కొంచెం మెత్తబడింది. ఈ బండిని సాంగ్‌తేవ్ అంటారు, సాంగ్ అంటే రెండు, తేవ్ అంటే వరస. ఎదురెదురు రెండు వరసలు, అంతే సంగతి. బయటివాళ్ళు బాత్ బస్ అంటారు.

ఊరు అర్థమవడానికి ఒక సాయంత్రం చాలు. సముద్రం పక్కన బీచ్ రోడ్డు, ఉత్తరం నుంచి దక్షిణానికి వన్‌వే. దాని వెనక సెకండ్ రోడ్డు, దక్షిణం నుంచి ఉత్తరానికి వన్‌వే. బళ్ళు గానుగెద్దుల్లా ఇటు దిగి అటు ఎక్కుతుంటాయి. ఉత్తరం కొసన డాల్ఫిన్ బొమ్మల రౌండబౌట్, దక్షిణం కొసన వాకింగ్ స్ట్రీట్. దారి తప్పినా ఇంకో పది బాత్‌తో మళ్ళీ మొదటికి రావచ్చు.

మొదటి సవారీ బీచ్ రోడ్డు మీద. బజర్ అక్క నొక్కింది, డబ్బులు అమ్మ ఇచ్చింది. డ్రైవరు చేతిలో బిళ్ళలు చూసుకుని ఒకటి వెనక్కిచ్చాడు. చీకట్లో అమ్మ మన పదిరూపాయల బిళ్ళ ఇచ్చేసింది! వాళ్ళ పది బాత్ బిళ్ళ చూస్తే మన పదికి రంగులు తిరగేసినట్టుంటుంది, మనది చుట్టూ బంగారం మధ్య వెండి, వాళ్ళది చుట్టూ వెండి మధ్య బంగారం. డ్రైవరు ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి "ఇండియా!" అని నవ్వాడు. అప్పట్నుంచి అమ్మ మన బిళ్ళలన్నీ వేరే ముడి కట్టేసింది.

రాత్రి సంగతి కూడా చెప్పాలి, అందరూ అడిగేది అదే కాబట్టి. బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొబ్బరి చెట్ల కింద ఎదురుచూస్తూ నిలబడ్డ ఆడవాళ్ళు ఉంటారు, వాకింగ్ స్ట్రీట్‌లో లైట్లూ చప్పుడూ ఉంటాయి. ముగ్గురం ఆ వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం, మమ్మల్ని పలకరించింది "నమస్తే, ఇండియన్ ఫుడ్" అని మెనూ పట్టుకున్న కుర్రాడొక్కడే. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పాపం, ఎవరి కన్నబిడ్డలో, ఇంటికి డబ్బు పంపుతుంటారేమో" అంది. అంతే, వెళ్ళి మామిడిపండు అన్నం తిన్నాం.

జనవరి 19, ఆదివారం: దారి తప్పి నక్లువా

పొద్దున్న టెర్మినల్ 21 మాల్‌కి వెళ్దామని సెకండ్ రోడ్డు మీద బండెక్కాం. మాల్ ముందు నిజం విమానమంత విమానం బొమ్మ పెట్టారు, కనిపించకపోవడం అసాధ్యం. మేం కబుర్లలో పడి దాన్ని కూడా దాటేశాం. పోన్లే రౌండబౌట్ తిరిగి బీచ్ రోడ్డుకి వస్తుంది కదా అని కూర్చుంటే ఆ బండి తిరగలేదు, నేరుగా నక్లువా రోడ్డు పట్టుకుని పోయింది. కొన్ని తిరుగుతాయి, కొన్ని పోతాయి. ఎదురుగా కూరగాయల సంచీతో కూర్చున్న పెద్దావిడకి మేం కంగారు పడుతున్నామని అర్థమై, మాట్లాడే భాష లేదు కాబట్టి, అరచేయి మూతికి ఆనించి తినండి అని సైగ చేసి తనతోపాటు దింపింది. లాన్ ఫో మార్కెట్ అట.

చేపల బజారు! పట్టాయా ఒకప్పుడు జాలర్ల పల్లె, 1959లో అమెరికా సైనికులు సెలవులకి రావడం మొదలయ్యాక ఇలా మారిందంటారు, కానీ నక్లువా వైపు ఇంకా ఆ పాత వాసన పోలేదు. నీసు వాసన అనుకోండి. ఇక్కడ పద్ధతి ఏంటంటే చేపలు పీతలు రొయ్యలు తూకానికి కొనుక్కో, పక్కనే బొగ్గుల మీద కాల్చేవాళ్ళకి ఇవ్వు, వాళ్ళు కాల్చి కవర్లో పెడితే ఎదురుగా పార్కులో సముద్రం చూస్తూ తిను. థాయ్ కుటుంబాలు చాపలేసుకుని కూర్చునున్నాయి. ఇక్కడ మాత్రం బేరం చెల్లింది, అమ్మ ముఖం వెలిగిపోయింది, ఫిషింగ్ హార్బర్లో లాగే రొయ్య తల వంచి చూసి, పీత పొట్ట నొక్కి చూసి ఏరింది. అర కిలో రొయ్యలు, మూడు నీలం పీతలు, ఒక స్క్విడ్ కలిపి 480 బాత్, కాల్చినందుకు ఇంకో 60. దాంతో ఇచ్చే ఆకుపచ్చ పచ్చడి, పచ్చిమిర్చి వెల్లుల్లి నిమ్మరసం చేప నీళ్ళు (ఫిష్ సాస్) కలిపి నూరింది, అక్క "మనం ఆంధ్రావాళ్ళం" అని వేలు నిండా తీసుకుని నాకింది. తర్వాత కాసేపు అక్క కనిపించలేదు, నీళ్ళ కోసం వెళ్ళింది. ఆ చిన్న మిరపకాయని వాళ్ళు ఎలుక పెంట మిరపకాయ అంటారట, పేరు చూసి మోసపోకూడదు.

అక్కణ్ణుంచి సాంక్చురీ ఆఫ్ ట్రూత్ అనే గుడిలాంటి కట్టడానికి, అది నక్లువా 12వ సోయ్ చివర. లోపలికి సాంగ్‌తేవ్ వెళ్ళదు. సందు మొదట్లో నంబరు వేసిన జాకెట్లతో మోటార్‌సైకిల్ టాక్సీవాళ్ళు ఉంటారు. వీళ్ళ దగ్గర ఎక్కేముందే అడగాలి, సాంగ్‌తేవ్ సూత్రం ఇక్కడ పనికిరాదు, మనిషికి 40 అన్నాడు. మూడు బళ్ళు. అమ్మ నేత చీరలో పక్కకి కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, ఒక చేత్తో డ్రైవరు భుజం ఇంకో చేత్తో అరిసెల సంచీ పట్టుకుని వెళ్తుంటే వెనక బండి మీద నేను ఫోటో తియ్యలేక చచ్చాను. దిగాక అతనికో అరిసె ఇచ్చింది. అతను రెండు చేతులూ జోడించి తలకి ఆనించుకుని తీసుకున్నాడు, కొరికి కళ్ళు పెద్దవి చేశాడు, మిగతా ఇద్దరూ కూడా చెయ్యి చాపారు.

టికెట్ 500 బాత్, ఒక్కొక్కరికి పన్నెండొందల యాభై రూపాయలు, పట్టాయాలో మేం పెట్టిన పెద్ద ఖర్చు ఇదే. నాకు బాధనిపించలేదు. మొత్తం కర్ర, 105 మీటర్ల ఎత్తు, 1981లో మొదలుపెట్టి ఇంకా చెక్కుతూనే ఉన్నారు, అందుకే లోపల కూడా హెల్మెట్ పెడతారు. పైన నాలుగు ముఖాల బ్రహ్మ, ఇటు వినాయకుడు, అటు బుద్ధుడు. అమ్మ వినాయకుడి ముందు నిలబడి హెల్మెట్‌తోనే గుంజీళ్ళు మొదలుపెట్టింది, మోకాళ్ళు గుర్తొచ్చి మూడుకి ఆపేసింది.

సాయంత్రం తెప్‌ప్రసిత్ రాత్రి బజారు, శుక్ర శని ఆదివారాలే పెడతారు. అది మా బాత్ బస్ దారిలో లేదు కాబట్టి బోల్ట్ యాప్‌లో కారు, 95 బాత్, ముగ్గురికీ. నంబరు ప్లేటు మీద థాయ్ అక్షరాలుంటే కంగారు పడకండి, అంకెలు మామూలువే, అవి యాప్‌తో సరిపోతే ఎక్కడమే. రాత్రి తొమ్మిది దాటాక మేం ప్రతిసారీ ఇదే చేశాం. బజార్లో కొబ్బరిపాలూ బియ్యప్పిండీ గుంటల పెనంలో పోసి చేసే ఖనోమ్ క్రోక్ చూసి అమ్మ "ఇవి మన గుంటపునుగులే కదే" అంది. పెనం అదే, రుచి మాత్రం తియ్యగా, లోపల జున్నులా. పది పీసులు ఒక్కత్తే తినేసింది.

జనవరి 20, సోమవారం: కో లార్న్ దీవి

బాలీ హాయ్ రేవుకి వాకింగ్ స్ట్రీట్ మీదుగా వెళ్ళాం. పొద్దున్న ఏడున్నరకి ఆ వీధి పెళ్ళయిపోయిన పందిరిలా ఉంది, నీళ్ళు కొట్టి కడుగుతున్నారు. రేవు మొదట్లోనే స్పీడ్‌బోట్ వాళ్ళు ఆపేస్తారు, పెద్ద పడవ లేదు అంటారు, వెళ్ళిపోయింది అంటారు, ఇంకో గంట దాకా రాదు అంటారు. ఎవరికీ జవాబు చెప్పకుండా రేవు చివరిదాకా నడవండి. పెద్ద చెక్క పడవ అక్కడే ఉంది, మనిషికి 30 బాత్, ముప్పావు గంట ప్రయాణం. పడవ నిండా థాయ్‌వాళ్ళే, మంచు డబ్బాలు, కూరగాయలు, ఒకాయన ఒళ్ళో కోడిపుంజు. దీవిలో నా బాన్ ఊళ్ళో దిగి సామే బీచ్‌కి మళ్ళీ సాంగ్‌తేవ్, 40.

నీళ్ళు నిజంగా గాజులా ఉన్నాయి. మన రుషికొండ నాకు ఇష్టమే, కానీ కాళ్ళు కనపడేంత నీళ్ళు నేను మొదటిసారి చూశాను. అమ్మ మోకాళ్ళ దాకా దిగి గంటన్నర కదల్లేదు.

సోమవారం అమ్మ నీసు తినదు. థాయ్‌లాండ్‌లో చేప నీళ్ళు లేని కూర దొరకడం అంటే గగనం, వెజిటేరియన్ అంటే ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు. 'జే' అనాలి, అంటే మాంసం, గుడ్డు, చేప నీళ్ళు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, అచ్చం మన దేవుడి వంటలాగ. పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు కనిపిస్తే అది జే. దీవిలో అలాంటిది మాకు కనిపించలేదు, అమ్మ అనాసపండూ చేగోడీలతో కానిచ్చింది, మేం ఆవిడ ఎదురుగానే వేపుడు అన్నం తిన్నాం, కాస్త సిగ్గుగానే.

ఇప్పుడు జెట్ స్కీ. అక్కకి ఎప్పట్నుంచో కోరిక, అరగంటకి 1500 అన్నాడు, వెయ్యికి కూడా వచ్చాడు. అంత తేలిగ్గా దిగాడేంటని నాకు డౌటొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కన తెలుగు వినిపించింది, నలుగురు కుర్రాళ్ళు, బండి వెనక్కిచ్చాక అడుగున గీత పడింది ఇరవై వేల బాత్ కట్టమని వాళ్ళని జెట్ స్కీ వాళ్ళు నిలదీస్తున్నారు. ఆ గీత ఎప్పటిదో దేవుడికే తెలియాలి, తీసుకునేముందు వీళ్ళు వీడియో తియ్యలేదు. అందులో ఒకడు "అక్కా మీరు తెలుగేనా" అని మా దగ్గరికొచ్చాడు, మొహం పాలిపోయింది. టూరిస్ట్ పోలీసు నంబరు 1155 ఫోన్లో ముందే పెట్టుకున్నా, డయల్ చెయ్యి, గట్టిగా అరవకు, ఎవర్నీ ముట్టుకోకు, పాస్‌పోర్ట్ మాత్రం ఇవ్వకు అని చెప్పా. ఫోన్ స్పీకర్లో ఇంగ్లీషు వినపడేసరికి ఇరవై వేలు కాస్తా పదికి, తర్వాత ఐదుకి వచ్చింది. మేం వచ్చేసేటప్పటికి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, చీకటి పడకముందే ఆఖరి పడవ వెళ్ళిపోతుంది కాబట్టి మాకు ఆగే వీల్లేదు. అక్క జెట్ స్కీ పేరు మళ్ళీ ఎత్తలేదు.

జనవరి 21, మంగళవారం: జోమ్తియెన్, పెద్ద బుద్ధుడు

పొద్దున్నే అక్క కొత్త ఆలోచన. సందు చివర స్కూటీలు అద్దెకిస్తున్నారు, రోజుకి 250, ఇక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు, వైజాగ్‌లో యాక్టివా నడిపేదాన్ని నాకేం భయం అని. కొట్టతను మొదట అడిగింది లైసెన్సు కాదు, పాస్‌పోర్ట్! డిపాజిట్‌గా. ఇవ్వనంటే మూడు వేల బాత్ అన్నాడు. మన ఊరి లైసెన్సు ఒక్కటీ చాలదు, ఆర్టీవో దగ్గర ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని రావాలి, అది లేకుండా నడిపితే పోలీసు ఆపినప్పుడు ఫైన్ సరే, పడితే ఇన్సూరెన్సు కూడా పైసా ఇవ్వదు. చేతికీ కాలికీ కట్లు కట్టుకుని తిరుగుతున్న తెల్లవాళ్ళని మూడు రోజుల్లో ఐదుగుర్ని లెక్కపెట్టాను. అక్క అలిగింది, అలిగితే అలిగింది.

జోమ్తియెన్ బీచ్‌కి వెళ్ళే సాంగ్‌తేవ్‌లు సెకండ్ రోడ్డూ సౌత్ పట్టాయా రోడ్డూ కలిసే మూల, వాట్ చైమోంకోన్ గుడి దగ్గర ఆగుంటాయి. ఆగున్న బండి ఎక్కొద్దు అన్న సూత్రానికి ఇదో మినహాయింపు, ఇవి జనం నిండితే కదులుతాయి. అడక్కుండా ఎక్కి కూర్చున్నాం. మధ్యలో కొండ ఎక్కే దారి దగ్గర దిగితే డ్రైవరు మా దగ్గర మనిషికి ఇరవై తీసుకున్నాడు, మాతోపాటే దిగిన ఆవిడ దగ్గర పదే. అమ్మ అది చూసింది. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను, డెబ్భై ఐదు రూపాయల కోసం ఎండలో పంచాయితీ ఎందుకని, దారంతా తిట్టింది.

కొండ మీద వాట్ ఫ్రా యాయ్, 18 మీటర్ల బంగారు బుద్ధుడు, మెట్లకి రెండు వైపులా నాగులు. చెప్పులు విప్పాలి, రాయి కాలుతుంటుంది, పరిగెత్తడమే. కూర్చున్నప్పుడు కాళ్ళు దేవుడి వైపు చాపకూడదు, అది మనకి చెప్పక్కర్లేదు. వారానికి ఏడు రోజులు కదా, పుట్టిన రోజుని బట్టి ఒక్కో రోజుకి ఒక్కో బుద్ధుడు. అమ్మది శనివారం, శనివారం బుద్ధుడు నాగపడగ కింద కూర్చునుంటాడు. "మన నాగులచవితే" అని అమ్మ తేల్చేసి, ముడి విప్పి, పొరపాటున కాదు, కావాలనే మన పదిరూపాయల బిళ్ళ ఒకటి హుండీలో వేసింది.

జోమ్తియెన్ బీచ్ పట్టాయా కన్నా పొడుగు, జనం తక్కువ. అద్దె కుర్చీ, కొబ్బరిబోండాం, మధ్యాహ్నం నిద్ర. రాసేంత విశేషం ఏం లేదు, నాకు అన్నిటికన్నా నచ్చిన పూట మాత్రం అదే. ఒక్క తప్పు చేశాను, డబ్బులయిపోయి ఏటీఎంలో రెండు వేలు తీశాను, అప్పుడు అక్కడ ఫీజే 220 బాత్ పడింది. ఎంత తీసినా ఒకటే ఫీజు, కాబట్టి తీస్తే ఒకేసారి తియ్యాలి, లేకపోతే వీధి చివర బూత్‌లో నోట్లు మార్చుకోవాలి.

జనవరి 22, బుధవారం: మళ్ళీ బస్టాండు

సామాను ఉంది కాబట్టి బోల్ట్ కారు. యాప్‌లో 85 అని పడగానే అమ్మ ఫోన్ లాక్కుని చూసింది. "ముగ్గురికా? సామానుతోనా? మరి మొన్న రెండొందల యాభై..." అని అక్కడే ఆగిపోయింది. దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఎనిమిదయ్యేసరికి బస్టాండు మైకులో జాతీయగీతం మొదలైంది. టికెట్లమ్మే ఆవిడ, కాఫీ తాగుతున్నవాళ్ళు, ఊడ్చే అతను, అందరూ ఎక్కడివాళ్ళక్కడ లేచి నిలబడ్డారు, మేమూ నిలబడ్డాం. రోజూ పొద్దున్న ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ ఇంతే.

అయిపోయాక అమ్మ మోచేత్తో పొడిచింది. అదే డ్రైవరు, నీలం బండికి ఆనుకుని కొత్తగా దిగినవాళ్ళ కోసం చూస్తున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు, చీరని మర్చిపోతాడా. నవ్వుతూ మూడు వేళ్ళు చూపించాడు. అమ్మ సంచీ నా చేతికిచ్చి, రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ విప్పి చూపించింది. అతను గట్టిగా నవ్వేసి, చేతులు జోడించి తల వంచాడు. అమ్మ డబ్బాలో మిగిలిన రెండు అరిసెలూ కాగితంలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చింది, నాకొకటి దాచమన్నాను కదా అంటే వినిపించుకోలేదు.